నాగరికతాశబ్దార్థ విచారము

సింధునాగరికత, వైదికనాగరికత, పాశ్చాత్యనాగరికత యని మనము నిస్సంశయముగా వ్రాయుచున్నాము. నాగరికతాశబ్దమున కిట్టి ప్రయోగములం దున్న యర్థము ప్రాచీనసంస్కృతమున లేదు. అందున్న యర్థము వేఱు. ఆ వేఱైన యర్థమును మఱచుటవలన బాలుర పుస్తకములలో నొక యన్యాయము జరుగుచున్నదని నా తలంపు. కావున నీ విచారము.

నగరశబ్దమునకుఁ బాణిని ప్రత్యేకముగా నొక సూత్రమును జేసినాఁడు (4-2-128). సామాన్యార్థమున "నాగరుఁడు" అనియే రూపము. నిందగాని నేర్పుగాని గమ్యమానమగునప్పుడు వుఞ్ ప్రత్యయము వచ్చి "నాగరకుఁడు" అగును. కాశికావృత్తియం దీ రెంటికి నిచ్చిన యుదాహరణములు ముచ్చటైనవి. దారిదోఁపు చేసిన దెవఁడని యొకఁ డడుగఁగా, నీ పట్టణపువాఁడే యయియుండునని ప్రత్యుత్తరము. ఈ చిత్రమును వ్రాసిన దెవఁడని యడుగఁగా మరల నదే ప్రత్యుత్తరము. దొంగయు నాగరకుఁడే, చిత్రకారుఁడును నాగరకుఁడే. ఈ యిరువురిని నొక్క ప్రత్యయమునఁ గూర్చిన శాబ్దికుల లోకజ్ఞత కొనియాడఁదగినది.

ఇఁక "నాగరికుఁడు". నియుక్తార్థమున ఠక్కు రాఁగా (4-4-69) నగరమున నియమింపఁబడినవాఁడని యర్థము. కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణమందలి నాగరికుఁ డిట్టివాఁడే. పట్టణరక్షణము, అగ్నిభయము, పరదేశుల రాకపోకలు వీనిని కనిపెట్టు నధికారి. నేర్పరి యను నర్థమును ఈ రూపమునకే సంక్రమించినది. శాకుంతలమున రెండును గలవు. పంచమాంకమున హంసపదికను నాగరికవృత్తితో సమాధానపఱుపుమని రాజు విదూషకుని బంపును, ఇచ్చట నేర్పు. షష్ఠాంకప్రవేశకమున జాలరిని బట్టి తెచ్చిన రాజశ్యాలుఁడు నాగరికుఁడు, ఇచ్చట నధికారము. ఆ జాలరిని బాధించిన భటులే పిదప వాని బహుమానమున సగము పుచ్చుకొని వానితోఁ గూడ మద్యశాలకుఁ బోవుటయుఁ గాళిదాసు చూపినాఁడు. పాణిని చెప్పిన నింద యిచ్చట నధికారిపక్షముననే తోఁచుచున్నది!

ఇట్టి నాగరికశబ్దముపై భావార్థమునఁ దల్ ప్రత్యయము చేరఁగా (5-1-119) "నాగరికత" యైనది. అనఁగా నాగరికునియం దున్న ధర్మము, ఒక్కని నడవడి. ఒక జాతియొక్క గృహములు, శిల్పములు, ధర్మములు, వర్తకము అన్నియుఁ గలిపిన సముదాయము గాదు. అరవమున నీ యర్థమే మిక్కిలి యెత్తునకుఁ బోయినది. తిరుక్కుఱళ్ 580వ పద్యమున నాగరికము దాక్షిణ్యమునకుఁ బర్యాయము. స్నేహితులు కన్నులయెదుటఁ బోసిన విషమునైనను ద్రావి యూరకుండువారే యా నాగరికమును గోరువారని తాత్పర్యము.

సముదాయార్థ మైరోపానుండి వచ్చినది. అచ్చటను అది ప్రాచీనము గాదు. ఫ్రెంచివాఁడగు మిరాబో 1756లోఁ బ్రకటించిన గ్రంథమున "సివిలిజేషన్" అను మాట యీ యర్థమునకుఁ జేరువగాఁ గానవచ్చుచున్నది. 1772లో నాంగ్లనిఘంటుకర్త జాన్సను దానిని దన నిఘంటువునఁ జేర్చుట కొప్పుకొనక, "సివిలిటీ" చాలునన్నాఁడని బాస్వెలు వ్రాసినాఁడు. లాటినులోఁ బౌరవాచకమగు శబ్దమునుండి పుట్టిన యా మాటకు మనవారు నగరశబ్దమును గైకొనిరి. హిందీ, వంగభాషలవారు సభాశబ్దమును గైకొని "సభ్యత" యనిరి. మనలో సభ్యత యనఁగా మర్యాద మాత్రమే.

ఇట్లు వచ్చిన యర్థమును రూఢిగా నంగీకరింపవచ్చును. యోగార్థమునే పట్టుకొన్నచో హరప్పా, మొహెంజొదారోలకు నాగరికత చెల్లును గాని, నగరశబ్దమే కానరాని ఋగ్వేదపు కాలమునకుఁ జెల్లదు. రూఢియైన పిదప నా యాక్షేపము లేదు. ఆక్షేపమెల్ల "అనాగరికులు" అను మాటమీఁదనే. చెంచులు, కోయలు మొదలగువారిని గూర్చి యీ మాట నిశ్శంకగా వ్రాయుదురు. ఏ యర్థమున? నగరమున లేనివారని యన్నచో ఋషులును అనాగరికులే. నేర్పులేనివారన్నచో, అడవిలోఁ దేనెపట్టును దీయువాని నేర్పు మనకేది? కొత్త రూఢినిఁ బట్టి ధర్మము, శిల్పము, ఆచారము లేనివారన్నచో, అట్టి మనుష్యసంఘము భూమిమీఁద లేదు. మూఁడర్థములలో నొకటియు నిందకు నిలువదు.

మాటయే గదా యనరాదు. కొన్ని తెగలవారు పుట్టుకచేతనే నేరగాండ్రని 1871లోఁ జేయఁబడిన చట్టము 1952 వఱకు నడచినది; తెలుఁగుదేశమున నెఱుకలవా రనేకులు దానిక్రిందఁ గావలిలో నుండిరి. చోరునికిఁ బాణినీయు లుదాహరించినది పట్టణపువానినని యా చట్టకర్తల కెవరు చెప్పుదురు?

బోధకులు "నాగరికుఁడు" అను మాటకు వ్యతిరేకపదము నడిగినప్పుడు బాలుఁడు "గిరిజనుఁడు" అని వ్రాసినచో దానిని దప్పుగా దిద్దవలెను. తెగను జెప్పవలసినచోట చెంచులని, కోయలని, సవరలని వారి పేరే వ్రాయవలెను. క్రూరకృత్యమును "అనాగరికము" అనుట మాత్రము యుక్తమే. అది కుఱళునందలి యర్థమున దాక్షిణ్యము లేమి, ఏ యూరివాఁడు చేసినను.