ముంతలో చిల్లర ఎక్కడ మార్చుకోవాలి?

నల్లమాడ ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ వానలు తక్కువ. చెనక్కాయ పండితే పండినట్టు, లేకుంటే కూలే దిక్కు. ఇలాంటి ఊళ్లలో ఆడవాళ్లు దాచేది ఎక్కువగా బిళ్లలే. పాలు పోసినా, పూలు అమ్మినా రూపాయో రెండో మిగులుతాయి. అవి ముంతలో పడతాయి. పిల్లల చదువుకో, విత్తనాలకో ముంత పగలగొడతారు.

అప్పుడు మొదలవుతుంది చిక్కు. మూటెడు బిళ్లలు ఎవరు తీసుకుంటారు?

అంగడివాళ్లకు చిల్లర అవసరమే. రూపాయికి రూపాయి ఇచ్చేవాళ్లు ఉంటారు. వట్టం పట్టుకునేవాళ్లూ ఉంటారు. నూటికి పది వట్టం అంటే వెయ్యికి వంద పోయినట్టే. ఆ వంద కూడబెట్టడానికి ఎన్ని పూటలు నోరు కట్టుకున్నారో దాచినవాళ్లకే తెలుసు. అసలు ఈ వట్టం ఇవ్వనక్కర లేదు.

నేరుగా బ్యాంకుకు వెళ్లవచ్చు. చెల్లే నాణేలను అన్ని బ్యాంకు శాఖలూ తీసుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. నోట్లుగా మార్చి ఇవ్వాలి, లేదా ఖాతాలో వేయాలి. ఖాతాలో ఇన్ని బిళ్లలే వేయాలని రిజర్వు బ్యాంకు హద్దు పెట్టలేదు. అంగట్లో మాత్రం హద్దు ఉంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలు ఒకసారికి వెయ్యి రూపాయల వరకే చెల్లుతాయి. అర్ధ రూపాయి బిళ్లలు పది రూపాయల వరకే. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. ముంతలో పాత పావలాలు ఉంటే పక్కన పెట్టేయాలి.

పది రూపాయల బిళ్ల సంగతి వేరు. "ఇది చెల్లదమ్మా" అని చాలామంది తిప్పి పంపుతారు. రూపాయి గుర్తు లేదంటారు, గీతలు పది కాదు పదిహేను ఉన్నాయంటారు. అదంతా పుకారు. ఈ బిళ్ల 14 రకాలుగా వచ్చిందని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. బిళ్లల మీద రూపాయి గుర్తు 2011లో వచ్చింది. అంతకు ముందు చేసిన బిళ్ల మీద అది ఎలా ఉంటుంది?

బ్యాంకుకు పోయే ముందు ఇంట్లో కాస్త పని ఉంది. బిళ్లలను రకం వారీగా వేరు చేయాలి. వందేసి లెక్కపెట్టి చిన్న సంచుల్లో కట్టాలి. రూపాయి బిళ్లల సంచి వంద రూపాయలు. రెండు రూపాయలవైతే రెండు వందలు. పది రూపాయల సంచి వెయ్యి రూపాయలు, బరువు ముప్పావు కిలో పైన. సంచి మీద ఎన్ని బిళ్లలో, ఎంత డబ్బో సొంత చేత్తో రాయాలి. అలా కట్టి ఇస్తే గుమస్తాకు లెక్క సులువు. రద్దీ లేని వేళ వెళితే ఇంకా మేలు.

ఖాతాలో వేసేటప్పుడు చీటీ నింపాలి. తేదీ, పేరు, ఖాతా నంబరు, మొత్తం. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. రెండు రూపాయల బిళ్లలు వంద, అయిదు రూపాయలవి అరవై, పది రూపాయలవి ముప్పై అయిదు ఉన్నాయనుకుందాం. 200, 300, 350. మొత్తం 850. ఎనిమిది వందల యాభై రూపాయలు. ముద్ర, సంతకం ఉన్న సగం చీటీని చదివి చూసుకుని, ఇంట్లో దాచుకోవాలి.

"చిల్లర తీసుకోం" అని బ్యాంకులో అంటే? గొడవ పడే పని లేదు. ముందు మేనేజరును అడగాలి. అప్పటికీ కాదంటే ఆ శాఖకే కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వాలి. ఏ తేదీన వెళ్లారు, ఎన్ని బిళ్లలు తీసుకెళ్లారు, ఏమన్నారు, ఇంతే రాస్తే చాలు. దాని నకలు మీద తీసుకున్నట్టు సంతకం అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపవచ్చు. దానికి ఖర్చు లేదు. ఎలా పంపాలో 14448 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు.