"మీరు చేసే పని ఏమిటి?"

బెర్నార్డినో రమజ్జినీ అని ఇటలీలో ఒక వైద్యుడుండేవాడు. పనివాళ్ళకు వచ్చే జబ్బుల మీద 1700లో ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని అడగవలసిన పాత ప్రశ్నలకు ఆయన ఇంకొకటి కలిపాడు: మీరు చేసే పని ఏమిటి? 1713 నాటి కూర్పులో గుమాస్తాల గురించి కూడా రాశాడు. రోజంతా కూర్చునే ఉండటం, చెయ్యి ఆడుతూనే ఉండటం, ఎక్కడ తప్పు పడుతుందోనని మనసు బిగబట్టుకోవడం, ఈ మూడూ వాళ్ళను దెబ్బతీస్తున్నాయన్నాడు. మన రెడ్‌మండు వాళ్ళను చూసే రాశాడా అనిపిస్తుంది!

మన దేశంలో ఆస్పత్రి కేసు షీట్లలోనూ వృత్తి అని ఒక గడి ఉంటుంది. అందులో "కూలి" అని రాసేసి తరువాతి గడికి పోవడం మామూలు. ఏం కూలి? మార్కాపురంలో పలకరాయి కోసే కూలి అయితే ఊపిరితిత్తుల్లో రాతి ధూళి చేరుతుంది. దాన్ని ఉత్త క్షయ అనుకుని ఎన్ని మందులు మింగించినా ఆ ధూళి బయటికి రాదు. నిజామాబాదు వైపు ఆడవాళ్ళు ఇంటి అరుగు మీదే కూర్చుని ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడతారు. ఇంట్లో చేసేది కనుక అది పనే కాదన్నట్టు చూస్తాం. పొగాకు దుమ్ముకు ఇల్లనీ ఫ్యాక్టరీ అనీ తేడా లేదు. 2020 మే 7న విశాఖ ఎల్.జి. పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది పోయినప్పుడు అందరం టీవీలకు అతుక్కుపోయాం. దుమ్ముతో నెమ్మదిగా పోయేవారు టీవీలో కనిపించరు.

ఇక ఇక్కడి సంగతి. మనవాళ్ళు ఎక్కువగా అడిగేది మణికట్టు గురించి. అక్కడ ఒక ఇరుకు సొరంగం ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులూ, ఒక నరమూ వెళతాయి. వాపు వస్తే నలిగేది నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటున్నారా? అయితే డాక్టరుకు చూపించుకోండి. కాని టైపు చేయడానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. అదిరే యంత్రాలు పట్టుకునేవారికీ, చేపలూ మాంసమూ బలంగా పట్టి పదే పదే కోసేవారికీ ఇది ఎక్కువ. కీబోర్డు వాళ్ళకు ముందు పట్టేసేది మెడ, భుజాలు.

2000లో ఈ రాష్ట్ర కార్మిక శాఖ ఇలాంటి నొప్పులను నివారించే నిబంధనలు చేస్తే, 2003 నవంబరులో ఓటర్లే వాటిని కొట్టేశారు. ప్రమాదం ఎక్కువున్న పరిశ్రమలకు మాత్రం మళ్ళీ చేసుకోవచ్చని శాసనసభ అనడానికి 2023 దాకా పట్టింది. అన్నేళ్ళూ నడుములు ఆగాయా?

వంటశాలలో మరిగే నూనె పడి ముంజేయి కాలిన మనవాడొకాయన నాతో అన్నాడు: "డాక్టరుగారూ, ఇంట్లో కాలిందని రాయండి. ఓనరుగారు మా ఊరివారే, ఆయన పేరు పోతుంది. పైగా నా కాగితాలు ఇంకా తేలలేదు." అలా రాయడానికి వీల్లేదండీ అన్నాను.

ఆయన భయాలు రెండూ అనవసరం. వాషింగ్టన్ చట్టం 1911 నాటిది. కలప మిల్లుల్లో చేతులూ కాళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగే రోజుల్లో వచ్చింది. తప్పెవరిదని అడగకుండా వైద్యం ఖర్చూ, పోయిన జీతంలో కొంత భాగమూ ఇస్తారు. బదులుగా యజమాని మీద దావా ఉండదు. అంటే ఓనరుకూ రక్షణే. వీసా ఏమిటని క్లెయిముకు అడ్డం పెట్టరు. క్లెయిము వేశారని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. మన సంఘంలో హోటళ్ళూ, కొట్లూ నడిపేవారు ఈ ముక్క తమ దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు తామే చెబితే బాగుంటుంది. వాళ్ళంతట వాళ్ళు అడగరు, మొహమాటం.

గడువు మాత్రం గుర్తుంచుకోండి. దెబ్బ తగిలితే ఏడాదిలోగా వేయాలి. వృత్తి వల్ల వచ్చిన జబ్బయితే, డాక్టరు ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపిన నాటినుంచి రెండేళ్ళు. వైద్యుణ్ణి మీరే ఎంచుకోవచ్చు. ఫారం డాక్టరు ఆఫీసులోనే నింపవచ్చు. అక్కడి గుమాస్తా ముందుగా మీ బీమా కార్డు అడుగుతుంది. కార్డు తీసే ముందే, ఇది పనిలో తగిలిన దెబ్బ అని చెప్పండి.