సెల్‌ఫోనులో కళాశాల చదువు

"మా అబ్బాయి రాత్రి పదిగంటలు దాటినను ఫోను వదలుట లేదు. అడిగినచో చదువుకొనుచున్నానని చెప్పుచున్నాడు. నమ్మవచ్చునా?" కృష్ణా డెల్టా గ్రామములలో కళాశాల విద్యార్థుల తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యిది. కొంతవరకు నమ్మవచ్చును. ఎంతవరకో తెలియవలెనన్న ఆ ఫోనులో జరుగునదేమో చూడవలెను.

పూర్వము పాఠము తప్పిన విద్యార్థి స్నేహితుని నోటుపుస్తకము అడిగి తెచ్చుకొని, రాత్రికి రాత్రి వ్రాసికొని, మరునాడు తిరిగి యిచ్చెడివాడు. దివిసీమ పల్లెలనుండి బందరుకో విజయవాడకో బస్సులో పోయివచ్చు పిల్లలకు నేడా పని నిమిషములో తీరుచున్నది. తోటివారు పుటను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుదురు. 2008లో బందరున ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయమునకు అనుబంధ కళాశాలలు పెక్కుచోట్ల కలవు. ఒకే పాఠము చదువుచు ఒకరినొకరు ఎరుగని విద్యార్థులు, 2 లక్షలమందికి చోటుగల టెలిగ్రామ్ గ్రూపులలో కలిసి పాత ప్రశ్నపత్రములు పంచుకొనవచ్చును. 2020లో కోవిడ్ వలన కళాశాలలు మూతపడినపుడు అధ్యాపకులే ఇట్టి గ్రూపులద్వారా పాఠములు పంపిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లలో రోజులతరబడి నిలిచినది. అట్టి సమయమున పుస్తకము తడిసినను, మిత్రుల ఫోనులలోని నకలు తిరిగి రాగలదు. కరెంటు లేక ఛార్జింగు దిగినచో ఫోనుకూడ మూగదే, అది వేరు మాట.

అయితే దాచుకొన్నదంతయు చదివినట్లు కాదు. ఫోటో ఫోనులో చేరును. తలలో చేరుటకు దానిని మరల చేతితో వ్రాయవలెను. ఒకరు తప్పు వ్రాసినచో నూర్గురు ఆ తప్పే వ్రాయుదురు. "పరీక్ష వాయిదా పడినది" అను వార్త వచ్చినపుడు కళాశాల కార్యాలయమునందో, విశ్వవిద్యాలయ వెబ్‌సైటునందో విచారింపక నమ్మరాదు. ప్రశ్నపత్రము ముందే యిత్తుమని సొమ్మడుగువారు మోసగాండ్రు. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఆడపిల్లల విషయమొకటి కలదు. వాట్సాప్ గ్రూపులో సాధారణముగా ఒకరి నంబరు తక్కినవారందరకు కనిపించును. ఆ భయముతో కొందరు తండ్రులు కుమార్తె చేతి ఫోను తీసికొందురు. ఇంటనున్న ఒక్క ఫోను కుమారునకే దక్కును. పాఠము అందనిది ఆమెకే. ఇది న్యాయము కాదు. తరగతివారు మాత్రమే యుండు గ్రూపులో చేరుమని చెప్పవచ్చును. టెలిగ్రామ్‌లోనైతే నంబరు దాచుకొను సదుపాయము కలదు.

చదువురాని తండ్రియు చేయదగిన పరీక్ష యొకటున్నది. రాత్రి భోజనమైన పిమ్మట, "ఈ వేళ ఏమి చదివితివి? నాకు అర్థమగునట్లు చెప్పు" అని అడుగుడు. చెప్పగలిగిననాడు ఫోనుతో పేచీ లేదు. తడబడిననాడు దానిని ప్రక్కన పెట్టించి నోటుపుస్తకము తెరిపింపుడు.