సభలో నిలిచే సాక్ష్యం

మహారాష్ట్రలోని చంద్రపూర్ చుట్టూ బొగ్గు గనులు, భారీ థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు ఉన్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి నూటికి మార్కులు వేసింది. మార్కులు పెరిగితే కాలుష్యం పెరిగినట్టే. చంద్రపూర్‌కు 83.88 వచ్చాయి. దేశంలో అది నాలుగో స్థానం.

ఇలాంటి చోట కొత్త గనికో, ప్లాంటు విస్తరణకో పర్యావరణ అనుమతి కావాలంటే, 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అక్కడ మైకు పట్టుకున్నవారి మాట రెండు చోట్లకు చేరుతుంది. ఒకటి ఎదురుగా కూర్చున్న జనం, రెండోది సభ మినిట్స్ చదివే నిపుణుల కమిటీ. "మా ఊరు నాశనమైపోతోంది" అంటే జనం చప్పట్లు కొడతారు. కమిటీకి మాత్రం అందులో పరిశీలించడానికి ఏమీ దొరకదు.

అందుకే చెప్పే ప్రతి అంకెకూ ఏం కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవి తోడుండాలి. పక్కనే ప్రమాణం చెప్పాలి. గాలిలో పీఎం 2.5 ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40 దాటకూడదన్నది మన జాతీయ ప్రమాణం. ఒక్కరోజు రీడింగును ఏడాది ప్రమాణంతో పోలిస్తే, అవతలి పక్షం ఒక్క ప్రశ్నతో ప్రసంగం మొత్తాన్ని కొట్టిపారేస్తుంది. 2009 నాటి 83.88ని నేటి లెక్కగా చెప్పినా అంతే.

మరి జనం మనసుకెక్కేదెలా? పరిశోధకులు డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఆకలి గణాంకాలు చదివినవారికన్నా ఒక్క బాలిక గురించి చదివినవారు ఎక్కువ విరాళమిచ్చారు. ఆ బాలిక కథకు గణాంకాలు జోడిస్తే విరాళం తగ్గింది. అంకెలు కుమ్మరిస్తే మనిషి కనబడకుండా పోతాడన్నమాట. కాబట్టి ఒక మనిషి అనుభవం, దాన్ని నిలబెట్టే ఒక్క అంకె చాలు. "మా పత్తి చేను మీద దుమ్ము పేరుకుంటోంది. మీ పర్యావరణ ప్రభావ నివేదికలో ఈ పేజీలో ఉన్న రీడింగు ఇది, ప్రమాణం ఇది. మా చేను పక్కన ఎందుకు కొలవలేదు?" అని అడిగితే జనానికి అర్థమవుతుంది, కమిటీ ముందు ప్రశ్నగా మిగులుతుంది.

చంద్రపూర్‌లోనైనా, మన సింగరేణి ప్రాంతంలోనైనా నోటీసుకు, సభకు మధ్య కనీసం 30 రోజుల గడువుంటుంది. ఆ రోజుల్లోనే ఆ ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక తెచ్చుకుని చదవండి, పేజీ నంబర్లు రాసుకోండి. మాట్లాడాక మీ ప్రసంగం ప్రతిని రాతపూర్వకంగా సభ నడిపే అధికారికి ఇవ్వండి.