ఉద్దానంలో వేలిముద్ర వేస్తే తాళం పడేదెలా? ఒకే సెక్యూరిటీ కోడ్ అన్ని యంత్రాల్లో ఎందుకు పనిచేయదు?

నెల మొదటి తారీఖు. ఉద్దానంలోని ఓ ఊళ్లో, ఇంటి అరుగు మీద సచివాలయం ఉద్యోగి కూర్చుని ఫోన్‌కి చిన్న వేలిముద్ర యంత్రం తగిలిస్తాడు. డయాలసిస్ మీద ఉన్న పెద్దాయన వేలు పెడతాడు. రెండు మూడు సెకన్లు. స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడుతుంది, పింఛను డబ్బు చేతికొస్తుంది.

ఆ రెండు మూడు సెకన్లలో జరిగేది చిన్న పని కాదు. ఆధార్ నిబంధనల ప్రకారం వేలిముద్ర సమాచారం ఉన్నది ఉన్నట్టు బయటికి పోకూడదు. దానికి ఏఈఎస్ అనే పద్ధతిలో 256 బిట్ల తాళం పడుతుంది. ఆ తాళం చెవికి మళ్లీ ఆధార్ సంస్థ ఇచ్చిన 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీతో ఇంకో తాళం. మధ్యలో ఎవరు పట్టుకున్నా చదవలేరు, విప్పగలిగేది ఆధార్ సర్వర్ ఒక్కటే. పలాస జీడిపప్పు వ్యాపారి నెట్ బ్యాంకింగ్ చేసినా, టెక్కలిలో విద్యార్థి ఫలితాల పేజీ తెరిచినా ఇలాంటి తాళాలే పనిచేస్తుంటాయి.

మరి ఈ తాళాలు ఎవరు చేస్తారు? ప్రతి బ్యాంకూ, ప్రతి యాప్ కంపెనీ సొంతంగా రాసుకోవు. రాసుకోకూడదు కూడా, ఎందుకంటే చిన్న పొరపాటు చాలు మొత్తం పోవడానికి. అందుకే ఎక్కువమంది ఓపెన్ సోర్స్ లైబ్రరీలనే వాడుతుంటారు. అంటే కోడ్ అందరికీ కనపడుతుంది, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. వీటిలో బాగా పేరున్నది ఓపెన్ఎస్ఎస్ఎల్. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్ఎస్ఎల్‌ఈఏవై అనే పాత కోడ్ నుంచి 1998 డిసెంబర్‌లో ఇది పుట్టింది. చిన్న పరికరాల కోసం ఎంబెడ్ టీఎల్ఎస్, వుల్ఫ్ఎస్ఎస్ఎల్ లాంటివి వేరే ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫోన్‌లో ఉండే ప్రాసెసర్ ఒకటి. బ్యాంక్ సర్వర్‌లో ఉండేది ఇంకొకటి. కొట్లో స్వైపింగ్ మిషన్‌లో ఉండేది మరొకటి. ఆండ్రాయిడ్, విండోస్, లినక్స్, పాత తరం పెద్ద కంప్యూటర్లు.. ఇన్ని రకాల మీద ఒకే లైబ్రరీ నడవాలంటే ప్రతిదానికీ తగ్గట్టు సరిచేయాలి. దీన్నే పోర్టింగ్ అంటారు.

జీడిపిక్క లెక్క

పలాస-కాశీబుగ్గ వాళ్లకి ఇది చెప్పడం తేలిక. పిక్క ఒకటే అయినా, పెద్ద పిక్కకి పెట్టిన బ్లేడు గ్యాప్‌తో చిన్న పిక్క కోస్తే లెక్క తప్పుతుంది. గుండు పప్పు రావాల్సిన చోట బద్దలు, ముక్కలు వస్తాయి. పోర్టింగ్ కూడా దాదాపు అంతే, మిషన్‌ని బట్టి సెట్టింగ్ మారాలి.

కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. పప్పు విరిగితే కళ్లకి కనపడుతుంది. సెక్యూరిటీ లైబ్రరీ తప్పుగా పోర్ట్ అయితే చాలాసార్లు ఏమీ కనపడదు. వెబ్‌సైట్ తెరుచుకుంటుంది, తాళం గుర్తు వస్తుంది, డబ్బు వెళ్తుంది. అన్నీ బాగానే ఉంటాయి, తాళం ఒక్కటే ఉత్తిది. అలా జరిగిన సంఘటనలు నిజంగానే ఉన్నాయి.

ఇచ్ఛాపురంలో ఇరవై ఐదు

ముందు తేలికైన చిక్కు చూద్దాం. ఇచ్ఛాపురం వైపు తెలుగు, ఒడియా రెండూ వినపడతాయి. తెలుగులో 'ఇరవై ఐదు' అంటే ముందు ఇరవై, తర్వాత ఐదు. ఒడియాలో 'పచిశ', హిందీలో 'పచ్చీస్' అన్నప్పుడు ఐదు ముందొచ్చి ఇరవై తర్వాత వస్తుంది. సంఖ్య మారలేదు, చెప్పే వరస మారింది.

కంప్యూటర్లలోనూ ఇదే గొడవ. పెద్ద సంఖ్యని మెమరీలో పెట్టేటప్పుడు కొన్ని ప్రాసెసర్లు పెద్ద విలువ ఉన్న బైట్‌ని ముందు పెడతాయి, కొన్ని చిన్న విలువ ఉన్నదాన్ని ముందు పెడతాయి. మొదటిదాన్ని బిగ్ ఎండియన్ అని, రెండోదాన్ని లిటిల్ ఎండియన్ అని అంటారు. ఇప్పటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ రెండో రకం. కొన్ని పాత రౌటర్లు, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు మొదటి రకం. ఈ తేడా చూసుకోకుండా కోడ్ తీసుకెళ్తే ఇక్కడ వేసిన తాళం అక్కడ తెరుచుకోదు. ఇది మంచి తప్పు అనే చెప్పాలి, ఎందుకంటే టెస్ట్ చేయగానే దొరికిపోతుంది. దొరకనివే ప్రమాదం.

రెండు లైన్లు తీసేస్తే ఏమైంది?

తాళం గట్టిదనం అంతా ఎవరూ ఊహించలేని సంఖ్యల మీద ఆధారపడి ఉంటుంది. వీటిని ర్యాండమ్ సంఖ్యలు అంటారు. ఆ సంఖ్యలు లైబ్రరీకి గాల్లోంచి రావు, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి తెచ్చుకోవాలి. అడిగే పద్ధతి విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా, చిన్న చిప్‌లో ఇంకోలా ఉంటుంది. కొన్ని చిప్‌లలో అసలు అడగడానికే ఎవరూ ఉండరు.

డెబియన్ అనే లినక్స్ రకం కోసం ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని సర్దుతున్నప్పుడు 2006లో ఒక మార్పు జరిగింది. తప్పులు వెతికే టూల్ ఒకటి హెచ్చరికలు ఇస్తోందని కోడ్‌లో రెండు లైన్లను పక్కన పెట్టారు. చేసినవాళ్లది చెడు ఉద్దేశం కాదు. కానీ ర్యాండమ్ సంఖ్యలకి ముడిసరుకు వెళ్లే దారి ఆ లైన్లతోనే మూసుకుపోయింది. మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. ఫలితంగా కోట్ల కోట్ల తాళం చెవుల్లోంచి ఒకటి రావాల్సిన చోట, ఒక్కో రకానికి కేవలం 32,767 చెవుల్లో ఒకటి వచ్చేది. ఒక మామూలు కంప్యూటర్ అన్నింటినీ ముందే తయారు చేసి పెట్టుకోగలదు.

ఇది బయటపడింది 2008 మే 13న. అంటే ఏడాదిన్నర పైగా డెబియన్, దాని మీద కట్టిన ఉబుంటు వాడిన సర్వర్లలో ఈ బలహీనమైన చెవులే తయారయ్యాయి. ఆ రోజుల్లో ఒక్కరికైనా ఎర్రర్ మెసేజ్ రాలేదు.

2012లో నాడియా హెనింజర్, మరికొందరు పరిశోధకులు ఇంటర్నెట్ మొత్తాన్ని స్కాన్ చేసి ఇలాంటిదే ఇంకోటి బయటపెట్టారు. రౌటర్లు, ఫైర్‌వాల్స్ లాంటి చిన్న పెట్టెలు స్విచ్ వేసిన వెంటనే, ఇంకా తగినంత ముడిసరుకు పోగవకముందే తాళం చెవులు చేసేస్తున్నాయి. దాంతో ఎక్కడెక్కడి పెట్టెలకో ఒకే చెవి వచ్చింది. లైబ్రరీ లోపల గణితంలో తప్పేమీ లేదు, అది దిగిన చోట పరిస్థితి వేరు.

తాత పేరు మనవడికి

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం ప్రపంచాన్ని కుదిపేసింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడే సర్వర్‌ని ఒక రకంగా అడిగితే, ఒక్కో విడతకి 64 కిలోబైట్ల వరకు దాని మెమరీలో ఉన్నది ఉన్నట్టు బయటపెట్టేది. పాస్‌వర్డ్‌లు, తాళం చెవులు కూడా అందులో దొరికే అవకాశం ఉంది. గూగుల్‌కి చెందిన నీల్ మెహతా, ఫిన్లాండ్ కంపెనీ కోడెనోమికాన్ ఇంజినీర్లు దీన్ని విడివిడిగా కనిపెట్టారు.

ఇందులోనూ పోర్టింగ్ కథ ఒకటి దాగి ఉంది. కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో మెమరీ ఇచ్చే వ్యవస్థ నెమ్మదిగా ఉంటుందని ఓపెన్ఎస్ఎస్ఎల్ సొంతంగా ఒక పొర పెట్టుకుంది. ఆ పొర వల్ల, మంచి రక్షణ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ల కాపలా కూడా పనిచేయకుండా పోయిందని ఓపెన్‌బీఎస్‌డీ బృందం మండిపడింది. ఎక్కడో నెమ్మదిగా ఉన్న యంత్రం కోసం అందరి తలుపూ బార్లా తీసినట్టయింది.

అదే నెలలో ఆ బృందం కోడ్ తీసుకుని లిబ్రెఎస్ఎస్ఎల్ పేరుతో వేరు కాపురం పెట్టింది. పాత వీఎంఎస్, పాత మ్యాక్, 16 బిట్ విండోస్ కోసం రాసిన భాగాలన్నీ పీకేసింది. జులైలో లినక్స్ లాంటి ఇతర సిస్టమ్‌ల కోసం పోర్టబుల్ వెర్షన్ విడుదల చేసింది. రోజుల్లోనే అందులో తప్పు దొరికింది!

ఏంటా తప్పు? ఒక ప్రోగ్రామ్ తనలాంటి పిల్ల ప్రోగ్రామ్‌ని పుట్టిస్తుంది, దానికి కొత్త నంబర్ వస్తుంది. నంబర్ మారింది కాబట్టి కొత్త ర్యాండమ్ సంఖ్యలు తెచ్చుకోవాలని లైబ్రరీ గ్రహిస్తుంది. అయితే లినక్స్‌లో నంబర్లు తిరిగి వాడతారు. తాత పోయాక మనవడికి తాత పేరే పెట్టినట్టు, మనవడి ప్రోగ్రామ్‌కి తాత నంబరే రావచ్చు. లైబ్రరీ పాత మనిషే అనుకుని పాత సంఖ్యలే మళ్లీ ఇచ్చేస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఈ చిక్కు లేదు, పిల్ల ప్రోగ్రామ్ పుట్టగానే ఆ మెమరీ ముక్కని సున్నా చేసే ఏర్పాటు కెర్నల్‌లోనే ఉంది. లినక్స్‌కి అలాంటి సౌకర్యం 2017లో 4.14 వెర్షన్‌తో వచ్చింది. తప్పుని వెంటనే సరిచేశారు గానీ, ఉతికి ఆరేసిన కోడ్‌కి కూడా కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే దెబ్బ తగిలిందన్నది గమనించాలి.

ఇంకా చిత్రమైన చిక్కు సమయంతో వస్తుంది. ఎంబెడెడ్ పరికరాల్లో బాగా వాడే ఏఆర్ఎం కార్టెక్స్ ఎం3 చిప్‌లో పెద్ద గుణకారానికి పట్టే టైం సంఖ్యల్ని బట్టి మారుతుంది. పక్కన కూర్చుని ఆ తేడాని కొలిచినవాడికి రహస్య సంఖ్య గురించి ఎంతోకొంత తెలిసిపోతుంది. అదే కోడ్ వేరే ప్రాసెసర్ మీద సురక్షితం.

చవక ఫోన్ సంగతేంటి?

ఖరీదైన ఫోన్లలో ఏఈఎస్ లెక్కలు చేయడానికి చిప్‌లోనే ప్రత్యేక సూచనలు ఉంటాయి. తక్కువ ధర ఫోన్లలో చాలాకాలం అవి లేవు, దాంతో అదే తాళం వాటి మీద నెమ్మదిగా పడేది. బ్యాటరీ కూడా తినేది. గూగుల్ 2014లో ఆండ్రాయిడ్ క్రోమ్‌లో చాచా20 అనే వేరే పద్ధతి తెచ్చింది. ఏఈఎస్ సాయం లేని ఫోన్లలో అది మూడు రెట్లు వేగంగా నడుస్తుందని చెప్పింది. అంటే పోర్టింగ్ అంటే నడిపించడం ఒక్కటే కాదు, సిగ్నల్ ఒక గీత మీద ఉన్న తీరం ఊళ్లో, పాత ఫోన్‌లో కూడా విసుగు రాకుండా నడిపించడం.

పాత ఫోన్లకి ఇంకో దెబ్బ ఉంది. వెబ్‌సైట్ అసలుదో నకిలీదో చెప్పేది సర్టిఫికెట్. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆసరా చేసుకున్న పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. కొత్తదాన్ని ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు గుర్తుపట్టవు. 2020 చివర్లో ఆ సంస్థ చూపిన లెక్క ప్రకారం దాదాపు మూడో వంతు ఆండ్రాయిడ్ ఫోన్లు 7.1 కంటే పాతవే. వాటి కోసం మరో మూడేళ్లు నెట్టుకొచ్చేలా తాత్కాలిక ఏర్పాటు చేశారు. ఫోన్లు గట్టెక్కాయి. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2, అంతకంటే పాత వెర్షన్లు ఉన్న యంత్రాలు మాత్రం ఆ ఏర్పాటుని అర్థం చేసుకోలేక, మంచి సైట్‌ని కూడా తిరస్కరించాయి. ఉన్నట్టుండి 'కనెక్షన్ ఫెయిల్' అని వస్తే మిషన్ పాడైందనుకుంటారు. పాడైంది మిషన్ కాదు, అందులో ఎవరూ అప్‌డేట్ చేయని లైబ్రరీ.

తిత్లీ లాంటి రాత్రి తర్వాత

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

అలాంటి కరెంటు కోత తర్వాత చిన్న పరికరాలకి వచ్చే ఓ విచిత్రమైన జబ్బు ఉంది. గడియారానికి వేరే బ్యాటరీ లేకపోతే, లేదా ఉన్నది అయిపోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు అది 1970 జనవరి 1 అనుకుంటూ లేస్తుంది. సర్టిఫికెట్ చూస్తే అది ఇంకా 'మొదలే కాలేదు'. కాబట్టి సర్వర్‌తో మాట్లాడనంటుంది. సరైన టైం తెలుసుకోవాలంటే నెట్‌కి వెళ్లాలి, భద్రంగా నెట్‌కి వెళ్లాలంటే టైం తెలియాలి. కోడి ముందా గుడ్డు ముందా లాంటి ఈ చిక్కుని ఒక్కో ప్లాట్‌ఫామ్‌లో ఒక్కోలా విప్పుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఫోన్‌కైతే తేలిక: సెట్టింగ్స్‌లో డేట్, టైం ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూస్తే చాలు. బ్యాంక్ పేజీలో సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు ముందు చూడాల్సింది కూడా అదే. తేదీ సరిగ్గానే ఉన్నా హెచ్చరిక పోకపోతే 'కొనసాగించు' నొక్కకుండా బయటికి వచ్చేయాలి.

ఇంత పని చేసేది ఎవరంటే, చాలావరకు వాలంటీర్లు, ఓ పిడికెడు మంది ఉద్యోగులు. హార్ట్‌బ్లీడ్ నాటికి ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు 2 వేల డాలర్ల చుట్టూ ఉండేవి, పూర్తికాలం పనిచేసే డెవలపర్ ఒక్కడే. ఆ తర్వాతే లినక్స్ ఫౌండేషన్ ద్వారా పెద్ద కంపెనీలు డబ్బు పెట్టాయి. ఇప్పుడు ఆ ప్రాజెక్ట్ ప్లాట్‌ఫామ్‌లని తరగతులుగా విడగొట్టింది. కొన్నింటిని ప్రధాన బృందమే చూసుకుంటుంది, కొన్నింటిని వాడేవాళ్ల సమూహాలకి వదిలేసింది, ఎవరూ దత్తత తీసుకోనివి ఇంకో జాబితాలో ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ అనే కొత్త రకానికి చెందినవి. అలాంటి చిప్‌లు స్వైపింగ్ మిషన్లలోకి, మీటర్లలోకి దిగాలంటే ఈ లైబ్రరీలు వాటి మీద సరిగ్గా నిలబడాలి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఇంజినీర్ దిద్దిన కోడ్‌ని పంపొచ్చు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ముందున్న గడువు కూడా ఒకటి ఖాయంగా తెలుసు. టైంని 32 బిట్లలో లెక్కపెట్టే పాత యంత్రాల గడియారం 2038 జనవరి 19న, మన టైం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండిపోతుంది. తర్వాతి సెకనుకి అది 1901కి వెళ్లిపోతుంది. 2038 దాటి గడువున్న మూల సర్టిఫికెట్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి, కాబట్టి అలాంటి యంత్రాలకి పోర్ట్ చేసేవాళ్లు ఆ తేదీలని ఇవాళే చదవగలగాలి.