బల్ల మీద కారు ర్యాలీ: రోడ్డెక్కని పోటీలో విజేతను ఎలా నిర్ణయిస్తారు?

కారు కదలదు, ఇంధనం ఖర్చు కాదు. అయినా అది ర్యాలీయే. బ్రిటన్‌లోని మోటార్ క్లబ్బుల సభ్యులకు ‘టేబుల్ టాప్ ర్యాలీ’ చిరపరిచితమైన వినోదం. ఒకప్పుడు తపాలాలో వచ్చిన ప్రశ్నపత్రం నేడు ఈమెయిల్‌లో వస్తోంది. 2020 మార్చిలో కరోనా కారణంగా ‘మోటార్‌స్పోర్ట్ యూకే’ పోటీల అనుమతులను నిలిపివేసినప్పుడు, అనేక క్లబ్బులు ఆన్‌లైన్‌లో ఈ బాట పట్టాయి.

ఆడే విధానం

పోటీదారు ముందు ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ల్యాండ్‌రేంజర్ పటం ఉంటుంది. దాని కొలత 1:50,000. అంటే పటంపై 2 సెంటీమీటర్లు నేలపై 1 కిలోమీటరుతో సమానం. ఇచ్చిన ఆధారాలను బట్టి మార్గాన్ని పటంపై గీయాలి.

కూడలి రూపాన్ని చిన్న బొమ్మగా చూపేది ‘ట్యులిప్’. నెదర్లాండ్స్‌లోని ట్యులిప్ ర్యాలీ నుంచి దానికి ఆ పేరు వచ్చింది. భారత్‌లోని టీఎస్‌డీ ర్యాలీల్లోనూ ఇటువంటి బొమ్మలే నావిగేటర్లకు దారి చూపుతాయి. ‘హెరింగ్‌బోన్’ చేప ముల్లును పోలి ఉంటుంది. మార్గాన్ని నిలువు గీతగా చూపి, ఎడమ కుడి వైపుల విడిచిపెట్టవలసిన రోడ్లను అడ్డగీతలుగా సూచిస్తారు.

తప్పిన ప్రతి గుర్తుకూ జరిమానా పాయింట్లు పడతాయి. తక్కువ జరిమానా పొందినవారే ముందుంటారు.

చిక్కు ఎక్కడ?

గడువు తేదీ తప్ప గడియారం లేని పోటీలో నిపుణులు పలువురు సున్నా జరిమానాతో సమానంగా నిలవవచ్చు. జరిమానా పడినవారి మధ్య సమానత వస్తే, తొలి తప్పు ఎవరికి ఆలస్యంగా ఎదురైందో చూడటం ఒక పద్ధతి. రోడ్డు ర్యాలీల నుంచి వచ్చిన నియమమిది. సున్నాల మధ్య మాత్రం అది పనికిరాదు. అందుకే చివరన ఒక కఠిన ప్రశ్నను ఉంచడం మేలు.

సీజన్ మొత్తానికి ర్యాంకు ఇవ్వడం మరింత సున్నితమైన పని. ఉదాహరణకు, మూడు పోటీల్లో ఒకరి జరిమానాలు 0, 0, 90. మరొకరివి 20, 30, 25 అనుకుందాం. కూడితే 90కి 75, రెండోవారిదే విజయం. జరిమానాలను కాక స్థానాలను లెక్కించి, ప్రథమ స్థానానికి 10, తర్వాతి వాటికి ఒక్కొక్కటి తగ్గిస్తూ ఇద్దాం. మొదటివారు 1, 1, 4 స్థానాల్లో, రెండోవారు 3, 3, 1 స్థానాల్లో నిలిస్తే 27కి 26; మొదటివారు గెలుస్తారు. అత్యుత్తమమైన రెండు ఫలితాలనే లెక్కిస్తే జరిమానా 0కి 45. జవాబులు అవే, పట్టిక మారితే విజేత మారతారు.

జరిమానాల మొత్తంలో ఒక్క కఠినమైన పోటీయే సీజన్‌ను శాసించగలదు. స్థానాల లెక్కలో ఆ ప్రమాదం తక్కువ. అయితే స్వల్ప తేడాకూ భారీ తేడాకూ అక్కడ విలువ ఒక్కటే.

కొత్తవారి సంగతి

ఏళ్ల తరబడి పటాలు చదివినవారితో ఒకే జాబితాలో ఉంచితే, కొత్తవారు ఎప్పుడూ అడుగునే ఉండి ఆట మానేస్తారు. అందుకే నిపుణులు, మధ్యస్థులు, నూతనులు వంటి తరగతులుగా విభజిస్తారు. ఒక్క గెలుపుతోనే పై తరగతికి పంపితే అది ప్రోత్సాహం కాదు, శిక్ష.

ఇంట్లో ఆడేవారిని గమనించే పరిశీలకుడు లేడు. పక్కవారి సాయం తీసుకున్నారో లేదో పోటీదారుకే తెలుసు. కనుక ఈ ర్యాంకు నిజాయితీపై ఆధారపడిన కచ్చితత్వానికి కొలమానం. లెక్కింపు విధానాన్ని తొలి ప్రశ్నపత్రానికి ముందే ప్రకటించాలి. ఫలితాలు చూశాక ఎంచుకున్న నియమం, ఎంత మంచిదైనా, ఓడినవారికి న్యాయంగా తోచదు.