పురుగుమందు కొట్టే మనిషికి ముందుగా చెప్పవలసిన మాట

ఆయుర్వేదానికి గల 8 అంగాలలో అగదతంత్రం ఒకటి. విషాలను, వాటి లక్షణాలను, వాటి విరుగుళ్ళను తెలిపే శాస్త్రమిది. సుశ్రుతుడు కల్పస్థానాన్ని దీనికే కేటాయించాడు. చరకుడు చికిత్సాస్థానం 23వ అధ్యాయంలో విషానికి 24 ఉపక్రమాలు చెప్పాడు. గురుకులంలో వీటిని కంఠస్థం చేసిన నేను, విషచికిత్స నాకు కొంత తెలుసునని అనుకుంటూ వచ్చాను. ఆ అహంకారం అణగిన సంగతి పాఠకులకు మనవి చేస్తాను. పట్నంలో నివసిస్తూ ఊళ్ళో పొలమో తోటో ఉన్న ప్రతి కుటుంబానికీ ఇది సంబంధించినది.

వేడి చేసిందనుకున్న జబ్బు

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు దగ్గరలోని సందులో నా వైద్యశాల. గత వానకాలంలో ఒక సాయంకాలం, నాకు చిరపరిచితులైన గృహస్థు ఒకరు చేవెళ్ళ వైపున్న తమ కూరగాయల తోటలో పనిచేసే మనిషిని కారులో తీసుకువచ్చారు. "వైద్యులుగారూ, ఎండలో పనిచేసి వేడి చేసింది. వాంతులవుతున్నాయి. చలువకు ఏదైనా కషాయం ఇప్పించండి" అన్నారు.

దాచుకోవడమెందుకు? అంతకు ముందటి సంవత్సరాలలో ఇటువంటివారు ఇద్దరు ముగ్గురు వచ్చినప్పుడు నేను పైత్యమని భావించి, పలుచని మజ్జిగ, ధనియాల నీళ్ళు తాగమని చెప్పి పంపివేశాను. వారు తరువాత ఏమయ్యారో నాకు తెలియదు. ఈసారి ఎందుకో కళ్ళు పరీక్షించాను. కనుపాపలు ఆవగింజలంత చిన్నవై ఉన్నాయి. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, తొడల కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. ఎండదెబ్బలో కనుపాపలు ఇలా కుంచించుకుపోవు.

"ఏం పని చేశావు నాయనా?" అని అడిగాను.

"పొద్దుగాల సంది మందు కొట్టిన సార్. మూతికి తువ్వాల కట్టుకున్న. పంపు కారి వీపంత తడిసింది."

"ఏ మందో తెలుసా?"

"తెల్వదు సార్. సారు తెచ్చిచ్చిండు."

పక్కనున్న యజమాని తల వంచుకున్నారు. నేను కషాయం ఇవ్వలేదు. తడిసిన బట్టలు విప్పించి, సబ్బునీళ్ళతో ఒళ్ళు కడిగించి, వెంటనే అదే కారులో ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. 6 రోజులకు అతడు తేరుకుని ఇల్లు చేరాడు.

శరీరంలో జరిగేది

ఆ తోటలో వాడినది ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు. నరాల నుండి కండరాలకు, గ్రంథులకు వార్తను చేరవేసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం మన శరీరంలో ఉన్నది. పని ముగియగానే దానిని విరగగొట్టడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉన్నది. ఈ జాతి మందులు ఆ ఎంజైమును బంధిస్తాయి. అప్పుడు వార్త ఆగక సాగుతూనే ఉంటుంది. చొంగ, కన్నీరు, చెమట కారుతాయి. కడుపులో నొప్పి, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. చివరకు ఊపిరి తీసే కండరాలు అలసి ఆగిపోతాయి. దీనికి ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ సూదిమందులే గతి. ప్రాచీనులు చెప్పిన అగదాలు ఈ రసాయనాల కోసం నిర్దేశించినవి కావు. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

పిచికారీ చేసే మనిషికి విషం ముఖ్యంగా చర్మం ద్వారానే ఎక్కుతుంది. మూతికి కట్టిన తువ్వాలు మందుతో తడిస్తే, ఆ విషాన్ని ముఖానికి పట్టు వేసినట్లే.

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా మరణించారు. వీరిలో అత్యధికులు ప్రాణం తీసుకొనదలచి తాగినవారు. మందు కొడుతూ జబ్బుపడినవారిలో ఎందరో ఆసుపత్రి లెక్కలకు ఎక్కనే ఎక్కరు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లోని పత్తి రైతు కుటుంబాలను పరిశీలించినప్పుడు, మందును నీళ్ళలో కలిపి పంపులు నింపే స్త్రీలకు కూడా పిచికారీ చేసే పురుషులకున్నంత ప్రమాదం ఉన్నదని తేలింది. 2017లో మన ఆదిలాబాదుకు పొరుగున ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా మరణించారు.

చట్టం ఏమంటున్నది?

1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమాలు ఈ విషయంలో ముఖ్యమైనవి. ప్రతి డబ్బాతోపాటు విషలక్షణాలు, ప్రథమచికిత్స, విరుగుడు తెలిపే కరపత్రం హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయభాషలో కూడా ఉండాలి. డబ్బాపై రంగు త్రిభుజం ఉండాలి. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. మందును ప్రయోగించేవారికి తగిన రక్షణ దుస్తులు, చేతొడుగులు, కళ్ళద్దాలు, బూట్లు ఉండాలని 39వ నియమం. తయారీదారులు, పంపిణీదారులు, పిచికారీ నిర్వాహకులు తగిన శిక్షణ ఏర్పాటు చేయాలని 42వ నియమం.

అయితే ఇక్కడొక పెద్ద కంత ఉన్నది. ఇంటి అవసరానికి గాని, పెరటితోటకు గాని, తాను సాగుచేసే భూమిలో గాని ఒక వ్యక్తి మందు వాడుకుంటే ఈ చట్టం వర్తించదని 38వ సెక్షను మినహాయించింది. కంపెనీ నుండి దుకాణం దాకా నడిచిన హెచ్చరిక, తోట గేటు దగ్గర ఆగిపోతున్నది. అమెరికాలో 1992లో చేసి 2015లో సవరించిన నియమాల ప్రకారం, వ్యవసాయ యజమాని తన కూలీలకు ఏటా శిక్షణ ఇప్పించాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏ మందు కొట్టారో వారికి తెలిసేటట్లు ప్రకటించాలి.

అంతమాత్రాన మన యజమానికి బాధ్యత లేదనుకోరాదు. 1923 నాటి నష్టపరిహార చట్టం వ్యవసాయంలో పురుగుమందు చల్లే పనిని తన జాబితాలో చేర్చుకున్నది. ఆ పరిహార విధానం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో భాగం. విషపదార్థం విషయంలో నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే, భారతీయ న్యాయసంహిత 286వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

యజమాని చేయవలసినవి

పని ప్రారంభించక ముందే కరపత్రాన్ని కూలీకి చదివి వినిపించండి. ఆ సాయంకాలం దాని అక్షరాలు నా కళ్ళజోడుకు అందక భూతద్దం పెట్టి చదివాను. చదువురాని మనిషి గతి ఏమిటి? మందు పేరు, త్రిభుజం రంగు, విషలక్షణాలు నోటితో చెప్పండి. కారే పంపు ఇవ్వకండి. గాలికి ఎదురుగా కొట్టనివ్వకండి. చేతులు కడుక్కోక బీడీ, తంబాకు, అన్నం ముట్టనివ్వకండి. గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు మందు కలిపే పని కూడా చెప్పకండి. పని ముగిశాక స్నానానికి సబ్బు, నీళ్ళు సమకూర్చండి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి.

ఒంట్లో తేడా కనిపిస్తే బట్టలు విప్పించి సబ్బుతో కడగాలి. కంటిలో పడితే మంచినీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పాలు, నెయ్యి, నూనె, చింతపండు పులుసు ఏదీ పోయవద్దు. బలవంతాన వాంతి చేయించవద్దు. 108కి ఫోను చేసి, మందు డబ్బాను గాని దాని చీటీని గాని వెంట తీసుకొని ఆసుపత్రికి పోవాలి. ఏ మందో తెలిస్తేనే అక్కడి వైద్యులకు దారి దొరుకుతుంది.

ఖాళీ డబ్బా సంగతి

ఇటీవల నాంపల్లిలో ఒక రోగిని చూడబోయి, వారి వంటింటి గట్టుమీద తోట నుండి తెచ్చిన తెల్లని ప్లాస్టిక్ డబ్బా చూశాను. "నాలుగుసార్లు వేడినీళ్ళతో కడిగానండీ, నూనె పోసుకుందామని" అన్నది ఆ ఇల్లాలు. అడుగున ఎర్ర త్రిభుజపు ముక్క ఇంకా అంటుకొని ఉన్నది. ఎన్నిసార్లు కడిగినా అటువంటి డబ్బా వంటింటికి పనికిరాదు. వాడిన డబ్బాలను మళ్ళీ ఎవరూ ఉపయోగించకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని 44వ నియమం.

చేవెళ్ళ తోట యజమాని ఇప్పుడు మందు కొట్టించే ముందు కరపత్రాన్ని కూలీలందరినీ కూర్చోబెట్టి చదివిస్తున్నారు. ఆ పనివాడు మొన్న జలుబుకు మందు కోసం నా దగ్గరకు వచ్చాడు. అడగకుండానే, "ఇప్పుడు కొట్టేది నీలం రంగుది సార్" అన్నాడు. అతడి కనుపాపలు చూశాను, బాగున్నాయి. తులసి, శొంఠి, మిరియాల కషాయం రాసి ఇచ్చాను.